పెదవుల మధ్య పోగు

చప్పట్లు మూడో విడతకు వచ్చేసరికి ఈశ్వరప్ప ఎప్పటిలాగే ఒక చప్పట వెనకబడ్డాడు.

ముందు మూడు, ఆగి మూడు, మళ్లీ ఆగి మూడు. ఆ తర్వాత కుడిచెయ్యి పైకెత్తి "ఈ రోజు మనదే!" అని అరవాలి. పొద్దున తొమ్మిదిన్నరకు, షట్టరు సగం ఎత్తిన చీరల దుకాణంలో, మెరూన్ రంగు యూనిఫాం వేసుకున్న ముప్ఫై ఒక్కమంది వరసగా నిలబడి రోజూ ఇలా అరుస్తారు. మొదట్లో ధర్మవరంలోని ఆ బత్తలపల్లె రోడ్డు మీద పోయేవాళ్లు బండ్లు ఆపి, లోపల ఏం గొడవ జరుగుతోందోనని తొంగి చూసేవాళ్లు. ఎనిమిది నెలలయ్యేసరికి ఎవరూ తల తిప్పడం లేదు.

ఈశ్వరప్ప చెయ్యి ఎత్తాడు. నోరు కూడా కదిపాడు. మాట మాత్రం బయటికి వచ్చిందో లేదో పక్కనున్న గిరికి కూడా తెలియలేదు.

అతనికి యాభై ఏడేళ్లు. సన్నటి మనిషి, పొడవాటి మెడ. కుడిభుజం ఎడమదానికన్నా కొంచెం దిగి ఉంటుంది. పాదాల వేళ్లు ఒకదానికొకటి అంటకుండా విడివిడిగా ఉంటాయి కాబట్టి కంపెనీ ఇచ్చిన నల్లబూట్లు అతన్ని పొద్దంతా కరుస్తాయి. మొహంలో చెప్పుకోదగ్గవి పెదవులే. అవి రెండూ లోపలికి మడిచి పెట్టినట్టు బిగిసి ఉంటాయి. కొత్తగా చూసినవాళ్లు ఎవరితోనో పోట్లాడి వచ్చాడనుకుంటారు.

పోట్లాట అతనికి చేతకాదు. పోట్లాడడానికి కావలసినన్ని మాటలు కూడా అతని దగ్గర లేవు.

అతని పని మేడమీద, పట్టు సెక్షన్‌లో. తెల్లగుడ్డ పరిచిన పరుపుల మీద అమ్మకందార్లు చీరలు విప్పి చూపిస్తారు. ఒక్క చీర కొనడానికి వచ్చినవాళ్లు నలభై విప్పిస్తారు. కొంటే ముప్ఫై తొమ్మిది మిగులుతాయి, కొనకపోతే నలభై. వాటిని మళ్లీ పాత మడతల్లోనే పెట్టి బీరువాకు చేర్చాలి. విప్పేవాళ్లు ఆరుగురు, మడిచేవాడు ఒక్కడు. పన్నెండేళ్లుగా ఆ ఒక్కడు ఈశ్వరప్పే.

అంతకుముందు ముప్ఫై నాలుగేళ్లు అతను మగ్గం నేశాడు. పదకొండో ఏట మగ్గం కింది గుంతలో కాళ్లు పెట్టాడు. పడుగులో, అంటే మగ్గం మీద నిలువుగా బిగించిన పోగుల్లో, ఒకటి తెగితే నేతగాడు దాని కొసను పెదవుల మధ్య పట్టుకుంటాడు. చేతులు రెండూ రెండో కొసను వెతకడంలో ఉంటాయి కాబట్టి, మూడో చెయ్యి పని మూతే చెయ్యాలి. నోటి తడికి పోగు మెత్తబడి ముడికి లొంగుతుంది. పోగు నోట్లో ఉన్నంతసేపూ మాట్లాడకూడదు, నవ్వకూడదు. నవ్వితే జారుతుంది. జారిన పోగును వేల పోగుల్లో మళ్లీ వెతుక్కోవాలి. రోజుకు ఇరవైసార్లు, ముప్ఫైసార్లు అలా బిగించి బిగించి, పట్టు చేతికి తగిలిందంటే చాలు, ఈశ్వరప్ప పెదవులు వాటంతట అవే మూసుకునే అలవాటు పడ్డాయి. ఈ సంగతి అతనికి కూడా తెలియదు. ఎవరి మూతి సంగతి వాళ్లకేం తెలుస్తుంది?

చినుకు కోసం ఏడాదంతా ఆకాశం చూసే ఊళ్లలో, ఇంట్లో మగ్గం గుంత ఉన్నవాళ్లు మాత్రం వాన పడితే భయపడతారు. ఒక ఆశ్వయుజంలో మూడు రోజులు పట్టిన ముసురు అతని గుంతలోకి మోకాలి లోతు నీళ్లు దించింది. నీళ్లు తోడి, గుంత ఆరి, మళ్లీ కూర్చునేసరికి నెల దాటింది. ఈలోగా పడుగు ఇచ్చే షావుకారు మరమగ్గాల వైపు తిరిగాడు. ఈశ్వరప్ప గుంత మీద కడపరాయి పరిచాడు. ఇప్పుడు ఆ బండ మీద అతని భార్య ఆంజినమ్మ మంచం ఉంది.

పాత యజమాని ఉన్నప్పుడు ఈశ్వరప్ప మూతి ఎవరికీ అడ్డం కాలేదు. మడత సరిగ్గా ఉందా లేదా, అంతే. ఆయన పోయాక కొడుకు బెంగళూరు నుంచి దుకాణం నడుపుతూ, ఎనిమిది నెలల క్రితం శ్రీకాంత్‌ను మేనేజరుగా పంపాడు. శ్రీకాంత్‌కు ముప్ఫై ఏళ్లుండవు. సొంతూరు బుక్కరాయసముద్రం. చదువు, శిక్షణ అన్నీ బెంగళూరులో. అతను వచ్చాకే చప్పట్లు వచ్చాయి. నవ్వే బొమ్మ బ్యాడ్జీలు వచ్చాయి. కెమెరాల్లో మొహాలు చూసి, వారానికొకసారి 'ఉత్సాహం' కింద పదికి మార్కులు వేసే పద్ధతి కూడా వచ్చింది. ఈశ్వరప్పకు ఏ వారమూ రెండు దాటలేదు. రెండు హెచ్చరిక కాగితాలు ఇదివరకే ఇచ్చారు. మూడోది ఉండదు. మూడోసారి నేరుగా ఇంటికే.

ఇల్లంటే ఈశ్వరప్పకు భయం లేదు. భయం ఆంజినమ్మ గుండెకు. నెలనెలా ఆమె మాత్రలు, పరీక్షలు అతని ఈఎస్ఐ కార్డు మీదే నడుస్తున్నాయి. ఉద్యోగం పోతే కార్డు కూడా పోతుంది. అది అతనికీ తెలుసు, ఆమెకూ తెలుసు. అందుకే ఇద్దరూ ఆ మాట ఎత్తరు.

ఈ రోజు పరీక్ష. దసరా అమ్మకాల కోసం సిబ్బంది అందరితో ఒక వీడియో తీస్తున్నారు. ఒక్కొక్కరు ఒక చీర విప్పి, కెమెరాలోకి చూసి నవ్వి, ఒక మాట చెప్పాలి. నవ్వలేనివాళ్లు వచ్చే నెల నుంచి అక్కర్లేదని బెంగళూరు నుంచి కబురు వచ్చింది.

పది రోజులుగా ఆంజినమ్మ అతనికి నవ్వడం నేర్పిస్తోంది. గోడ అద్దం దింపి మంచం మీద పెట్టి, ఎదురుగా కూర్చోబెట్టి, "నవ్వప్పా" అంటుంది.

అతను పెదవులు సాగదీస్తాడు.

"అట్ల గాదు. పండ్లు కనపడల్ల."

అతను పళ్లు చూపిస్తాడు.

"పన్ను నొప్పని డాక్టరు కాడ నోరు తెరిచినట్లుండాది" అని ఆమె నవ్వడం మొదలుపెట్టి, ఆయాసం వచ్చి, చేత్తో గుండె పట్టుకుని కూడా నవ్వుతూనే ఉంటుంది. అప్పుడు అతనికి కూడా నవ్వు వస్తుంది. కానీ ఆ నవ్వు ఎలా వచ్చిందో ఆ తర్వాత ఎంత వెతికినా గుర్తుకు రాదు.

పదకొండింటికి చిలమత్తూరు నుంచి పెండ్లివారు వచ్చారు. గిరి వాళ్ల ముందు కూర్చుని చీరలు విసిరి విసిరి పరిచాడు. గిరి కూడా ధర్మవరం నేతన్నల వీధివాడే. ఈశ్వరప్పను మామా అంటాడు. వాడి తాత మగ్గం నేశాడు, నాయన మగ్గం అమ్మాడు, వాడు చీరలు అమ్ముతున్నాడు. వాడి నోట్లోంచి నవ్వు కొళాయి నీళ్లలా వస్తుంది, కాకపోతే కొళాయికి వేళలుంటాయి, వీడికి లేవు.

ఈశ్వరప్ప వెనక కూర్చుని మడుస్తున్నాడు. పెండ్లికూతురి మేనత్త అతన్ని రెండు మూడుసార్లు చూసింది.

"ఏమప్పా, మేము వచ్చింది ఆయప్పకు ఇష్టం లేనట్లుండాదే?" అని గిరిని అడిగింది.

"అట్లేం లేదక్కా. మా మామ మొగమే అంత. మనిషి బంగారం."

"బంగారమైతే లాకర్లో పెట్టుకోండి" అని ఆమె మరో చీర వైపు చెయ్యి చాపింది.

మెట్ల దగ్గర నిలబడిన శ్రీకాంత్ అదంతా విన్నాడు. ఫోనులో ఏదో రాసుకున్నాడు.

ఆ కుప్పలోనే పసుపు చీర ఒకటి వచ్చింది. మెరూన్ అంచు, అంచులో సన్నటి జరీ గళ్లు. మూడో మడత తిప్పుతుండగా ఈశ్వరప్ప బొటనవేలు ఆగింది. మెరూన్ అంచులోనే, చివరికి అర అంగుళం ఇవతల, ఒక పడుగు పోగు తెగి, జానెడు పొడవున లేచిపోయింది. అక్కడ వెలుతురుకు పెడితే నీటిగీతలా సన్నటి సందు కనబడుతుంది. కంటికి దొరికే లోపం కాదది. రెండుసార్లు కడితే మాత్రం అక్కడే చీర పిగులుతుంది.

అతను ఆ చీరను పక్కన పెట్టుకున్నాడు. పెండ్లివారు వెళ్లాక, కిటికీ పక్కకు జరిగి, జేబులోంచి పాత మాత్రల డబ్బా తీశాడు. అందులో ఒక సన్నటి సూది, రంగురంగుల పట్టు పోగుల తునకలు ఉంటాయి. మెరూన్ తునకల్లో మూడింటిని వెలుతురుకు పట్టి చూసి, ఒకటి ఎంచుకున్నాడు. దాని కొసను పెదవుల మధ్య పెట్టుకుని, తెగిన పోగు నడిచిన దారినే సూదిని నడిపించడం మొదలుపెట్టాడు. అడ్డంగా నేసిన ఒక పేక పోగు మీద నుంచి, ఇంకో పేక కింద నుంచి. గుంతలో కూర్చున్నప్పుడు ఉండే నిమ్మళం అప్పుడు అతనికి వస్తుంది. ఆ పని అతనికి ఎవరూ చెప్పలేదు. పన్నెండేళ్లలో ఇలా ఎన్ని చీరలు బాగుచేశాడో ఎవరికీ తెలియదు. బాగుచేసిన చోటు కనబడితే కదా తెలిసేది! అతని తల మీది కెమెరాలో అది పని లేకుండా మూతి బిగించుకుని కూర్చున్న ఇరవై నిమిషాలు.

సగం అయ్యేసరికి అన్నానికి పిలిచారు. ముడి వెయ్యని పోగును వదిలి లేవాల్సి వస్తే, కొసను నోటితో తడిపి బట్టకు అంటించి లేవడం నేతపనిలో అలవాటు. తిరిగి వచ్చేసరికి కొస చోటు మారకుండా అక్కడే ఉంటుంది. ఈశ్వరప్ప అలాగే చేసి లేచాడు.

డాబా మీద నీళ్లట్యాంకు నీడలో గిరి, ఈశ్వరప్ప క్యారియర్లు విప్పారు. దూరంగా కొండలు బూడిదరంగులో ఉన్నాయి. ఆ కొండలదాకా పొలాల్లో చెనిక్కాయ చెట్టు జానెడు కూడా లేవలేదు.

"మామా, నవ్వేటప్పుడు నీకు ఇష్టమైంది ఏదన్నా తలుచుకో. నవ్వు దానంతట అదే వస్తాది" అన్నాడు గిరి.

"నువ్వేం తలుచుకుంటావు?"

"మా పాప. నేను గడ్డం గీసుకున్న దినం నన్ను చూసి, ఎవురో వచ్చినారని మంచం కిందికి దూరింది."

ఈశ్వరప్ప జొన్నరొట్టె తుంచుతూ ఆలోచించాడు. అతనికి ఇష్టమైంది ఏది? పొద్దున్నే మొదటిసారి, అడ్డపోగును మోసే నాడె వదిలినప్పుడు పడుగు మీద అది జారిపోయే సన్నటి చప్పుడు. కొత్త పడుగు బిగించినప్పుడు అరచెయ్యి ఆనిస్తే తిరిగి తోసే ఆ బిగువు. అవి తలుచుకుంటుంటే గిరి అతని మొహం చూసి తల పట్టుకున్నాడు.

"మళ్లా మూసినావు చూడు మామా!"

మూడింటికి పట్టు సెక్షన్ నడుమ గుండ్రటి లైటు పెట్టి, దాని మధ్య ఫోను బిగించారు. ఒక్కొక్కరే వచ్చి చీర విప్పి, "ధర్మవరం పట్టు, మన ఇంటి పట్టు!" అని నవ్వి పోతున్నారు. ఊడ్చే సువర్ణ కూడా చీపురు పక్కన పెట్టి నవ్వి పోయింది. ఎక్కువమందికి ఒక్కసారికే అయిపోయింది.

ఈశ్వరప్పకు నీలంచీర ఇచ్చారు. అతను లైటు ముందు నిలబడ్డాడు. ఆంజినమ్మను తలుచుకున్నాడు. అద్దాన్ని తలుచుకున్నాడు. పళ్లు కనబడేలా పెదవులు తెరిచాడు. శ్రీకాంత్ బొటనవేలు ఎత్తి చూపించాడు. ఈశ్వరప్ప చీర విప్పాడు. కొంగు వేళ్ల మీదికి జారింది. వేళ్లు జరీని తడిమాయి, పేక ఎంత ఒత్తుగా కొట్టారో చూశాయి, అంచు దగ్గరికి పోయాయి. పెదవులు మూసుకున్నాయి.

"ఇంకోసారి" అన్నాడు శ్రీకాంత్.

ఇంకోసారి. ఇంకోసారి. నాలుగోసారికి అందరూ చుట్టూ చేరారు. నవ్వు పెట్టుకోవడం, బట్ట తగలడం, నవ్వు పోవడం. ఈశ్వరప్ప చెవుల వెనక నుంచి చెమట కారింది. ఇంత చిన్న పని తనకు చేతకావడం లేదని అతనికి సిగ్గేసింది. వచ్చే నెల ఆంజినమ్మ మాత్రలు ఎక్కడి నుంచి తేవాలనే ఆలోచన కూడా అక్కడే, ఆ లైటు వెలుతురులోనే వచ్చింది.

శ్రీకాంత్ చెడ్డవాడు కాదు. అతను దగ్గరికి వచ్చి, భుజం మీద చెయ్యి వేసి, ఎవరికీ వినబడకుండా తన ఊరి మాటలో అన్నాడు: "అన్నా, పొద్దున్నుంచి నవ్వి నవ్వి నాకూ దవడలు నొప్పి పుడుతాండాయి. రాత్రికి మాత్ర ఏసుకుంటే గానీ నిద్ర పట్టదు. ఒక్క పది సెకన్లు ఓర్సుకో. నిన్ను పంపీడం నాకూ ఇష్టం లేదు."

"నేను నవ్వల్లనే చూస్తాండా సార్."

"తెలుసు."

శ్రీకాంత్ కాసేపు నీలంచీర వైపు, ఈశ్వరప్ప వేళ్ల వైపు చూశాడు. ఏం తోచిందో, కింది అంతస్తుకు మనిషిని పంపి ఒక ఫ్యాన్సీ చీర తెప్పించాడు. గులాబీరంగు పాలిస్టర్. దాని మీద పువ్వులు అచ్చు వేసినవి.

"దీంతో చేయన్నా. మాట మాత్రం అదే చెప్పు."

ఈశ్వరప్ప నవ్వు పెట్టుకున్నాడు. చీర విప్పాడు. అది నీళ్లలా జారింది. వేళ్లకు ఏమీ తగల్లేదు. వెతకడానికి పోగు లేదు, తడమడానికి ముడి లేదు. వేళ్లు ఊరకే ఉండిపోయాయి. నవ్వు చెదరకుండా అలాగే నిలబడింది. "ధర్మవరం పట్టు, మన ఇంటి పట్టు!" అన్నాడు. గొంతు కూడా బాగానే పలికింది.

అందరూ చప్పట్లు కొట్టారు. ఈసారి ఎవరూ లెక్క చెప్పలేదు. నిజంగానే కొట్టారు. గిరి ఈల వేశాడు. చేతిలో పాలిస్టర్ పట్టుకుని పట్టు అన్నందుకు ఎవరికీ ఏమీ అనిపించలేదు. ఫోనులో తేడా కనబడదు.

ఏడింటికి డ్యూటీ దిగేముందు శ్రీకాంత్ అతన్ని పిలిచాడు. మనిషి మొహం వెలిగిపోతోంది. వీడియో బెంగళూరుకు పంపాడట. అక్కడి నుంచి మొట్టమొదట ఈశ్వరప్ప గురించే మెచ్చుకుంటూ జవాబు వచ్చిందట.

"ఇంక భయం లేదన్నా. రేపట్నుంచి కింద ఫ్యాన్సీ సెక్షన్‌లో. వాకిట్లోనే, జనం మొదట చూసేది నిన్నే. నీ కార్డుకేం ఢోకా లేదు."

"పైన మడిచేదెవురు సార్?"

"ఎవరో ఒకరు మడుస్తారు. మడిచేదానికేం?"

ఈశ్వరప్ప చెయ్యి మాత్రల డబ్బా ఉన్న జేబు మీదికి పోయింది. "పసుపు చీర ఒకటి సగంలో ఉండాది సార్. పోగు ఏస్తాండా. పొద్దున ఒక పావుగంట పైకి పోయొస్తా."

"పోగు ఏసేదేంది? బాగలేకుంటే పక్కన పెట్టు, వెనక్కి పంపుతారు. సెక్షన్ మారితే పైకి పోకూడదన్నా, కెమెరాలో పడితే మళ్లా నీకే మార్కులు తగ్గుతాయి." శ్రీకాంత్ అతని చొక్కాకు వేలాడుతున్న నవ్వు బ్యాడ్జీని సరిచేశాడు. "సంతోషంగా ఉండు."

ఇది సంతోషించాల్సిన సంగతేనని ఈశ్వరప్పకు తెలుసు. ఆంజినమ్మ మాత్రలు నిలబడ్డాయి. క్యారియరు కోసం మేడ మీదికి పోయాడు. అప్పటికే సగం లైట్లు ఆర్పేశారు. కిటికీ పక్కన పసుపు చీర పెట్టినచోటే ఉంది. ఇంకా నాలుగు వేళ్ల పొడవు మిగిలి ఉంది. సూది తీసి చేతిలో పట్టుకున్నాడు. స్విచ్చుల దగ్గర నిలబడిన సెక్యూరిటీ ఓబుళేసు "అన్నా, ఆర్పేస్తాండా" అన్నాడు. ఈశ్వరప్ప సూదిని డబ్బాలో పెట్టి, పోగు కొసను పెదవుల మధ్య పెట్టి తడిపి, బట్టకు అంటించాడు. బొటనవేలితో రెండుసార్లు నొక్కాడు. క్యారియరు తీసుకుని మెట్లు దిగాడు.

ఆంజినమ్మ ఇంటి వాకిట్లోనే కూర్చుని ఉంది.

"ఏమైంది? పాసైనావా?"

"అయినా."

ఆమె రెండు చేతులూ పైకెత్తి ఎవరికో దండం పెట్టింది. లోపలికి పోయి, అద్దం తెచ్చి, బండ మీది మంచం మీద పెట్టింది. "యాదీ, నవ్వు. చూస్తా."

ఈశ్వరప్ప నవ్వాడు. ఈసారి ఎక్కడా తడబడలేదు. పళ్లు ఎన్ని కనబడాలో అన్నే కనబడ్డాయి. నవ్వు అలాగే నిలబడింది. ఆంజినమ్మ మొదట నవ్వింది. తర్వాత ఆమె నవ్వు ఆగిపోయింది. అతని మొహం చాలాసేపు చూసింది.

"చాలులేప్పా" అని మెల్లగా అంది. "మూసుకో."

మరుసటి రోజు పొద్దున తొమ్మిదిన్నరకు ముప్ఫై ఒక్కమంది వరసగా నిలబడ్డారు. ముందు మూడు, ఆగి మూడు, మళ్లీ ఆగి మూడు. ఈశ్వరప్ప ఒక్క చప్పట కూడా వెనకబడలేదు.

ఆ అరుపులు అయ్యాక సువర్ణ మేడ మీద ఊడ్చుకుంటూ కిటికీ దగ్గరికి వచ్చింది. చీర మీద దారమేదో వేలాడుతోందని లాగబోయి, అది లోపలి నుంచి వస్తోందని చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. పైకి వచ్చినాక ఈశ్వరప్పే చూసుకుంటాడని, చీపురుతో చుట్టూ ఊడ్చి, చీరను ఉన్నచోటనే వదిలి ముందుకు పోయింది. పసుపు చీర మెరూన్ అంచు మీద బెత్తెడు పట్టుపోగు, కొస తడి రాత్రే ఆరిపోయి, ఏసీ గాలికి లేస్తూ పడుతూ ఉంది.